మాధవి పేరు మీద

కోరుట్లలో బంగారం దుకాణం ముందు కాపలా నిలబడే మనిషికి జీతం రెండు రకాలు. చేతిలో కట్టె ఉంటే తొమ్మిది వేలు, భుజాన తుపాకి ఉంటే పద్దెనిమిది వేలు. అంటే మనిషీ తుపాకీ ఒకే ధర పలుకుతారన్నమాట. దుకాణం యజమాని నరేందర్ సేటు ఈ సంగతి చెప్పినప్పుడు ఆడెపు చంద్రమౌళి తల ఊపాడు గానీ చిన్నబుచ్చుకోలేదు. అంతకు ఏడాది ముందే అతడి నాలుగు సాంచాలు పాత ఇనుము కింద తూకానికి పోయాయి. మనిషిని ఇంకా నెల లెక్కన కొనేవాళ్లున్నారంటే అదే గొప్ప అనుకున్నాడు.

సాంచె అంటే మరమగ్గం. సిరిసిల్లలో ఆ మాటే వాడతారు. పద్దెనిమిదేళ్ల వయసులో చంద్రమౌళి సాంచె ముందు నిలబడ్డాడు. యాభై రెండేళ్లకు పక్కకు జరిగాడు. మధ్యలో ముప్పై నాలుగేళ్లు ఆ రేకుల షెడ్డులోనే గడిచాయి. మొదట కూలి, తర్వాత ఆసామి. ఆసామి అంటే యజమాని ఇచ్చిన నూలుతో సొంత సాంచాల మీద గుడ్డ నేసి అప్పజెప్పేవాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. సర్కారు బతుకమ్మ చీరల ఆర్డరు ఉన్నన్నాళ్లు సాంచాలకు నిద్ర లేదు. ఆర్డరు ఆగిన ఏడాది వీధికి వీధే నిశ్శబ్దమైంది. కొందరు భీవండి పోయారు. కొందరు గల్ఫ్ ఏజెంట్ల చుట్టూ తిరిగారు. కొందరు చేసిన పని గురించి వీధిలో ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు.

చంద్రమౌళి ఎటూ పోలేదు. పాత ఇనుము కొనేవాడిని పిలిచి కాంటా పెట్టించాడు. సాంచాలు లారీ ఎక్కుతుంటే వాకిట్లో నిలబడి చూశాడు. ఏడుస్తాడేమోనని పక్కింటి బాలవ్వ చెంబుతో నీళ్లు పట్టుకొచ్చింది. అతడు నీళ్లు తాగి, చెంబు ఆమె చేతికిచ్చి, లోపలికి పోయి పడుకున్నాడు. ఏడవాలని అతడికి తోచలేదు. ఆ రోజు నుంచి అతడికి ఏదీ పెద్దగా తోచేది కాదు.

ఇల్లు మాత్రం నడిచింది. చంద్రమౌళి భార్య మాధవి పదిహేనేళ్ల వయసు నుంచి బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఆమె వేళ్లు ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనరు. చంద్రమౌళి రోజూ పది గంటలకు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయటికి పోయేవాడు. గాంధీ చౌక్ దాకా నడిచి, అక్కడ గంటసేపు నిలబడి, ఒంటిగంటకు తిరిగొచ్చేవాడు. ఏదో పని మీద పోయొచ్చినవాడిలా కాళ్లు కడుక్కునేవాడు. మాధవి ఆ చొక్కాను రోజూ ఉతికేది. ఎక్కడికి పోయావని ఒక్కనాడూ అడగలేదు.

అటువంటి రోజుల్లో మల్లాపూర్ నుంచి మామ శంకరయ్య కబురు పెట్టాడు. తుపాకి ఇస్తానన్నాడు.

శంకరయ్య కూడా పద్మశాలే. మగ్గం అచ్చిరాక ముప్పై ఏళ్ల కింద చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకు చేరాడు. సొంత తుపాకి ఉన్నవాడికే ఆ నౌకరీ అంటే రెండెకరాలు అమ్మి రెండు గొట్టాల తుపాకి కొన్నాడు. అన్నల కాలంలో, అంటే నక్సలైట్లు తిరిగిన రోజుల్లో, చుట్టుపక్కల ఊళ్లలో తుపాకి ఉన్న ప్రతి ఇంటికీ అర్ధరాత్రి ఎవరో వచ్చి అడిగి పట్టుకుపోయారు. శంకరయ్య తుపాకి మాత్రం పోలేదు. ఎందుకంటే అతడు డ్యూటీ దిగగానే దాన్ని తీసుకెళ్లి ఠాణాలో జమచేసి, ఉత్త చేతులతో ఇంటికి పోయేవాడు. తుపాకి మనిషిని కాపాడుతుందని లోకం అంటుంది. శంకరయ్య తుపాకిని పోలీసులు కాపాడారు. అయినా ఊళ్లో అతడు నడిచొస్తుంటే కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. ఫ్యాక్టరీ మూతపడి పదేళ్లు దాటినా ఆ మర్యాద మాత్రం మూతపడలేదు.

"నాకు కొడుకు లేడు అల్లుడా. డెబ్బై నిండినోడు వారసులకు రాసియ్యచ్చట. గిది నువ్వే పట్టాలె" అన్నాడు శంకరయ్య. "మొగోని భుజం మీద ఏదో ఒక బరువుండాలె. లేకుంటే మనిషి గాలికి కొట్టుకపోతడు."

చంద్రమౌళి తుపాకిని రెండు చేతులతో అందుకున్నాడు. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. చాలా రోజుల తర్వాత ఒక వస్తువు బరువు అతడికి తెలిసింది. అదొక్కటే అతడికి నచ్చింది.

నరేందర్ సేటు మాటిచ్చాడు. లైసెన్సు కాగితం తెస్తే పద్దెనిమిది వేలు. ఆ మాట పట్టుకుని భార్యాభర్తలు సిరిసిల్ల ఇంటికి తాళం వేసి కోరుట్లలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. మాధవి తన బీడీల కార్డును కోరుట్ల కార్ఖానాకు మార్పించుకుంది. కరీంనగర్‌లో నర్సు పని చేసే కూతురు శ్రీవాణి ఫోన్ చేసి, నాన్న ఏమంటున్నాడని అడిగింది. చంద్రమౌళి ఎప్పటిలాగే ఫోన్ తీసుకోలేదు. "ఫోన్ల ముచ్చట నాకు సయించది, మీ అమ్మతోనే మాట్లాడు" అనడం అతడికి మొదటి నుంచీ అలవాటు.

లైసెన్సు మారాలంటే డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. ఒక సోమవారం ఇద్దరూ జగిత్యాల పోయారు. డాక్టరు కళ్లు చూశాడు, బాగున్నాయి. రక్తపోటు చూశాడు, బాగుంది. చేతులు చాపమన్నాడు, వణకలేదు. తర్వాత గోడవైపు తిరిగి నిలబడమన్నాడు. చంద్రమౌళి తిరిగాడు. గోడ మీద ఒక క్యాలెండరు ఉంది. దాని వైపే చూస్తూ, డాక్టరు పరీక్ష ఎప్పుడు మొదలుపెడతాడా అని ఎదురు చూశాడు. కాసేపటికి డాక్టరు ఎదురుగా వచ్చాడు.

"ఐదు అంకెలు చెప్పిన. ఒక్కటన్న తిరిగి చెప్పవేం?"

"మీరు చెప్పలే గద సార్" అన్నాడు చంద్రమౌళి.

డాక్టరు మళ్లీ వెనక్కి పోయాడు. ఈసారి చంద్రమౌళి చూపు క్యాలెండరు మీద నుంచి పక్కనున్న తలుపు వైపు మళ్లింది. గడప దగ్గర మాధవి నిలబడి ఉంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఏడు. చంద్రమౌళి "ఏడు" అన్నాడు. పెదవులు మళ్లీ కదిలాయి. "రెండు" అన్నాడు. "తొమ్మిది" అన్నాడు. అతడికి అంతా సవ్యంగానే ఉంది. అతడు ముప్పై నాలుగేళ్లుగా వింటున్నది అలాగే. షెడ్డులో సాంచాలు నడుస్తుంటే ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. పెదవులు చూసి జవాబు చెప్పడమే అక్కడ వినడం. బయటికొచ్చినా వీధిలో అందరూ అరిచే మాట్లాడతారు. ఎవరికి ఎంత వినిపిస్తుందో ఎవరూ ఎన్నడూ కొలుచుకోలేదు. పెదవులు చూసి మాట్లాడుకునే ఊళ్లో చెవిటితనం ఎక్కడ బయటపడుతుంది?

డాక్టరుకు మాత్రం అనుమానం వచ్చింది. తలుపు వైపు చూశాడు. మాధవిని బయటికి పంపి తలుపు మూశాడు. తర్వాత గదిలో క్యాలెండరు ఒక్కటే మిగిలింది.

"సిరిసిల్లనా? సాంచాలా?" అని డాక్టరు ఎదురుగా కూర్చుని అడిగాడు. అవునన్నాడు. "కుడి చెవి పోయింది. ఎడమ చెవిల పావలా వంతు ఉన్నది. నేను సంతకం పెట్టలేను" అన్నాడు డాక్టరు మంచి మాటగానే.

వచ్చేటప్పుడు బస్సులో చంద్రమౌళి కిటికీ పక్కన కూర్చున్నాడు. తనకు చెవుడు అనే మాటను రెండు మూడుసార్లు లోపల అనుకుని చూశాడు. అది ఎవరి సంగతో అన్నట్టుంది. చాలాసేపటికి భార్య వైపు తిరిగాడు.

"నీకు ఎప్పటి సంది ఎర్క?"

మాధవి సీటులో ముందుకు జరిగి, ముఖం అతడి ముఖానికి ఎదురుగా పెట్టింది. "శ్రీవాణి ఐదో తరగతిల ఉన్నప్పుడు బాయికాడ జారిపడ్డది యాదికున్నదా? కాలిరిగి బాపూ బాపూ అని ఒర్లుతాంది. నువ్వు పదడుగుల దూరంల వీపు మలిపి కూసోని బువ్వ తింటున్నవ్. గప్పుడు ఎర్కైంది."

ఆ రోజు అతడికి జ్ఞాపకం ఉంది. పిల్ల అరుస్తుంటే అన్నం తిన్న రాతి మనిషి అని వీధి మొత్తం తిట్టింది. అతడు కూడా తాను రాతి మనిషేనేమో అనుకున్నాడు.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం జేత్తువు? సాంచెలు బందు వెడ్తువా?" అంది మాధవి. "చెవుడని తెలిత్తే యజమాని నూలిత్తడా?"

చంద్రమౌళి మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. మాధవి అతడితో ఏం మాట్లాడాలన్నా పని ఆపి, చాట దింపి, లేచొచ్చి ఎదురుగా నిలబడి మాట్లాడేది. దాన్ని అతడు భయభక్తి అనుకున్నాడు. తోటి ఆసాములు తమ ఇంట్లో ఆడవాళ్లు వంటింట్లోంచే కేకలు వేస్తారని మొత్తుకుంటే, "మా ఇంట్ల కట్టుబాటు వేరే ఉంటది" అని మీసం సవరించుకునేవాడు. పద్నాలుగేళ్లు ఆమె లేచి వచ్చింది. పద్నాలుగేళ్లు అతడు మీసం సవరించుకున్నాడు. సిగ్గు పడాల్సిన చోటే ఇది అని అతడికి తెలుస్తూనే ఉంది, కానీ సిగ్గు కూడా రాలేదు. బస్సు మేడిపల్లి దాటింది.

శంకరయ్య ఈ సంగతి విని ఒక్క పూట మాత్రమే దిగులు పడ్డాడు. సాయంత్రానికి ఉపాయం దొరికింది.

"నీ పేర గాకుంటె బిడ్డ పేర రాత్త. మా ఊరి సర్పంచ్ ఎవలు? కొమురవ్వ. కుర్సీల కూసునేదెవలు? ఆమె పెనిమిటి. కాయిదం మాధవిది, భుజం నీది. అయిపాయె."

ఎవరికీ ఇందులో తప్పు కనిపించలేదు. సిరిసిల్ల ఇల్లు మాధవి పేరు మీద ఉంది. మహిళా సంఘం అప్పు ఆమె పేరు మీద ఉంది, దాంతో కొన్నది చంద్రమౌళి రెండో జత సాంచాలు. గ్యాసు బండ ఆమె పేరు మీద ఉంది. ఆడవాళ్ల పేరు అనేది కాగితాల కోసమే పుట్టిందని ఆ ప్రాంతంలో మగవాళ్లందరూ మనస్ఫూర్తిగా నమ్ముతారు. కాబట్టి మాధవి జగిత్యాల పోయింది. గోడవైపు తిరిగి నిలబడి ఐదుకు ఐదు అంకెలు చెప్పింది. తుపాకి పట్టడం నేర్పే రోజు పోలీసు మైదానంలో రెండు తూటాలు కాల్చింది. ఆమె చెయ్యి కదలలేదని నేర్పిన జమేదారు మెచ్చుకున్నాడు. రోజుకు వెయ్యి బీడీలకు దారం కట్టే చెయ్యి ఎందుకు కదులుతుంది? చంద్రమౌళి దూరంగా నిలబడి చూశాడు. మిగతావాళ్లు చెవులు మూసుకుంటుంటే తానూ మూసుకున్నాడు, మర్యాదకు.

దసరాకు వారం ముందు లైసెన్సు చేతికొచ్చింది. నరేందర్ సేటు జిరాక్సు కాపీ చూసి, "ఇంట్లామె పేరు మీదనా? తీ, అందరియి గట్లనే ఉన్నయ్" అని డ్రాయర్లో పెట్టుకున్నాడు.

నీలం చొక్కా, నల్ల బూట్లు, భుజాన తుపాకి. చంద్రమౌళి దుకాణం మెట్ల మీద నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే ఆ రెండు నెలలు అతడు బాగున్నాడు. టీ కొట్టు దగ్గరికి పోతే జనం పక్కకు జరిగి చోటిచ్చేవారు. సిరిసిల్ల నుంచి పెళ్లి బంగారానికి వచ్చిన పాత ఆసామి ఒకడు గుర్తుపట్టి, "ఏం మౌళీ, పులివైనవు గద" అన్నాడు. ఎవరు పలకరించినా అతడు తల ఊపేవాడు తప్ప మాట్లాడేవాడు కాదు. వినిపించదు కాబట్టి. నరేందర్ సేటు మాత్రం "మౌళన్న గంభీరమైన మనిషి" అని గిరాకీలకు చెప్పుకునేవాడు. చంద్రమౌళి ఓరగా నిలబడి, వెనక నుంచి ఎవరొస్తున్నదీ అద్దం తలుపులో చూసుకునేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదేవాళ్లెవరూ రాలేదు కాబట్టి దుకాణం హాయిగా నడిచింది. సాయంత్రానికి తుపాకి పటకా ఒరిసి భుజం మండేది. ఆ మంట మీద చెయ్యి వేసుకుని పడుకునేవాడు. తనకు ఇంకా నొప్పి తెలుస్తోందని అతడికి కొంచెం సంతోషంగా ఉండేది.

ఇల్లలకగానే పండగ కాదు. పంచాయతీ ఎలక్షన్లు వచ్చాయి. ఎలక్షన్లంటే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో జమచేయాలి. చంద్రమౌళి నీలం చొక్కాతోనే, తుపాకి భుజాన వేసుకుని, దర్జాగా ఠాణా మెట్లెక్కాడు. లోపల అతడిలాంటివాళ్లు నలుగురున్నారు. ఒకాయన ప్లాట్లు అమ్ముతాడు, ఒకాయనకు రైసు మిల్లు ఉంది. మనుషుల్నీ ఆస్తుల్నీ కాపాడాల్సిన తుపాకులు చీటీలు కట్టించుకుని, గోడ మూలన చీపుర్ల పక్కన నిలబడి ఉన్నాయి.

ఎస్సై తల వంచి కాగితం చూస్తూ ఏదో అడిగాడు. చంద్రమౌళి నిలబడ్డాడు. ఎస్సై మళ్లీ ఏదో అడిగాడు. చంద్రమౌళి గంభీరంగా నిలబడ్డాడు. ఎస్సై తలెత్తాడు.

"నిన్నేనయ్య! ఆడెపు మాధవి ఎవరు?"

"నా భార్య సార్."

"ఆమె ఏది?"

"ఇంట్ల బీడీలు చేత్తాంది సార్."

"మరి ఆమె తుపాకి నీ భుజం మీద ఎందుకున్నది?"

చంద్రమౌళికి ప్రశ్న అర్థం కాలేదు. "తుపాకి ఆమెదే సార్. నేను మోత్తున్న" అన్నాడు ఉన్నది ఉన్నట్టు.

ఠాణాలో అందరి నోళ్లూ తెరుచుకున్నాయి. నవ్వుతున్నారని అతడికి తెలిసింది. ఎస్సై మాత్రం నవ్వలేదు. లైసెన్సు ఎవరి పేరు మీద ఉంటే తుపాకి వాళ్ల చేతిలోనే ఉండాలనీ, మొగుడైనా సరే ఇంకొకరి చేతిలో కనిపిస్తే ఇద్దరి మీదా కేసవుతుందనీ, లైసెన్సు రద్దవుతుందనీ, తుపాకి సర్కారుకు పోతుందనీ ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పాడు. మాధవిని పిలిపించాడు. ఆమె తంబాకు వాసన వేసే చేతులతోనే వచ్చి, సంజాయిషీ రాయించి, సంతకం పెట్టింది.

"చూడమ్మా, ఈ ఒక్కసారికి మీ సంజాయిషీ పైకి పంపుతున్న" అన్నాడు ఎస్సై. "పైనుంచి వార్నింగుతో వదిలేస్తే, ఎలక్షన్లు అయినంక తుపాకి నువ్వే వచ్చి తీసుకోవాలె, నువ్వే మోయాలె. లేదంటే ఇక్కడనే అప్పజెప్పిపో. ఈయన భుజం మీద మళ్ల చూసిన్నంటే ఇద్దరినీ లోపలేస్త."

వార్నింగు కాగితం వచ్చేదాకా చంద్రమౌళి కట్టె పట్టుకుని నిలబడ్డాడు. తొమ్మిది వేల మనిషిగా. టీ కొట్టు దగ్గర ఎవరూ జరగలేదు. భుజం మంట మూడు రోజుల్లో మానిపోయింది.

ఎలక్షన్లు ముగిసిన మర్నాడు శంకరయ్య మల్లాపూర్ నుంచి బస్సెక్కి వచ్చాడు. గదిలో ముగ్గురూ కూర్చున్నారు. మాధవి చాట పక్కన పెట్టి, తాను దుకాణం ముందు నిలబడతానంది. నరేందర్ సేటును అడిగి వచ్చానంది. పెళ్లి బంగారం కొనేదంతా ఆడవాళ్లేనని, ఆడమనిషి కాపలా ఉంటే ఇంకా మంచిదేనని సేటు అన్నాడట.

"ఆడిమనిషి తుపాకి వట్టుకోని నడిబజార్ల నిలవడుడా?" శంకరయ్య గట్టిగానే అరిచాడు. ఆ మాట చంద్రమౌళికి కూడా కొంచెం వినిపించింది. "నలుగురు నవ్వుతరు బిడ్డా. అల్లుని ముఖం ఎటు వెట్టుకోవాలె?"

"నవ్వెటోళ్లు జీతమిత్తరా బాపూ?" అంది మాధవి. తర్వాత లేచి, భర్త ఎదురుగా వచ్చి నిలబడింది. మునుపటిలాగే. "నువ్వు వద్దంటే వద్దు. తుపాకి ఠాణాలనే ఇడిసివెడ్త. కట్టె జీతం, నా బీడీలు. గాటితోని బతుకుదాం. చెప్పు."

ఆమె నిజంగానే అడుగుతోంది. వద్దంటే ఆమె మానేస్తుంది, మళ్లీ ఆ మాట ఎత్తదు. చంద్రమౌళి ఆమె ముఖం చూశాడు. ఇప్పుడు కోపం రావాలి, మగవాడికి రావాలి అనుకున్నాడు. లోపల వెతికాడు. సాంచాలు తీసేశాక షెడ్డు ఎలా ఉందో అలా ఉంది. ఊడ్చిన నేల, గోడల మీద నూనె మరకలు. వెతికితే ఒక్క మాట మాత్రం దొరికింది.

"నీ ఇష్టం" అన్నాడు.

శంకరయ్య కండువాతో ముఖం తుడుచుకుని, చెప్పులు తొడుక్కుని, ఆఖరి బస్సుదాకా ఆగకుండా వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నీలం చొక్కాను మాధవి కొలతలకు చంద్రమౌళే బిగించి కుట్టాడు. దారం పని అతడికి కొత్త కాదు. భుజాల దగ్గర రెండు వేళ్లు తగ్గించాడు. పటకా ఒరిసే చోట లోపల ఒక గుడ్డ ముక్క వేసి కుట్టాడు. ఎందుకు వేశావని ఆమె అడగలేదు. మర్నాడు ఠాణాకు పోయి, చీటీ తెంపించి, తుపాకిని తన భుజాన వేసుకుని నడిచి వచ్చింది. చీర మీద చొక్కా, చొక్కా మీద తుపాకి. మొదటి వారం జనం ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. రెండో వారం తగ్గారు. మూడో వారం ఆమె పక్కనుంచే తల తిప్పకుండా పోయారు. నవ్వడానికైనా మనుషులకు అంత తీరిక ఉండదు.

పగలు గదిలో చాట ఖాళీగా ఉంది. నాలుగు రోజులు చూశాక చంద్రమౌళి దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. మొదటి రోజు రెండు వందలు చుట్టాడు, సగం విప్పుకుపోయాయి. నెల తిరిగేసరికి ఏడు వందలు. తెగిన పోగును కళ్లు మూసి ముడివేసిన వేళ్లకు బీడీ దారం ఏమంత లెక్క. కట్టలు గంపలో పెట్టుకుని కార్ఖానాకు పోతే, అక్కడ వరుసలో అందరూ ఆడవాళ్లే. వాళ్లు కొంగులు సవరించుకుని చోటిచ్చారు. గుమాస్తా కట్టలు విప్పి చూసి, కార్డు తెరిచి, మాధవి పేరు మీద రాసుకున్నాడు. పేరు ఒకరిది, పని ఇంకొకరిది అని ఇక్కడ ఏ ఎస్సై అడ్డం రాలేదు. బీడీల్లో ఆ మాట ఎవరికీ పట్టదు.

మధ్యాహ్నం అతడే టిఫిను డబ్బా తీసుకుని దుకాణానికి పోతాడు. ఆ రోజు పోయేసరికి ఎండ నెత్తిమీద ఉంది. పెళ్లిళ్ల కాలం, దుకాణం నిండా జనం. మాధవి మెట్ల మీద నిలబడి ఉంది. అతడు పక్కనుంచి మెట్లెక్కి, డబ్బాను ఆమె స్టూలు కింద పెట్టి నిటారుగా నిలబడ్డాడు. ఆమె చెంప కదలడం కనిపించింది. ఏదో అంది.

అతడు ఆమె తన వైపు తిరుగుతుందని ఎదురు చూశాడు. ఇన్నేళ్లలో తిరగని రోజు లేదు. ఆమె తిరగలేదు. చూపు రోడ్డు మీదే ఉంది. అటు ఇటు తిరగొద్దు, లోపల బంగారం ఉన్నంతసేపు కళ్లు రోడ్డు మీదే ఉండాలి అన్నది సేటు చెప్పిన మొదటి మాట. ఆ మాట చంద్రమౌళికీ చెప్పాడు. చెంప మళ్లీ కదిలింది. అద్దం తలుపులో చూశాడు, అందులో అంతా ఎండే.

చంద్రమౌళి మెట్లు దిగాడు. రోడ్డు మీదికి పోయి, వెనక్కి తిరిగి, ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తలెత్తి ఆమె ముఖం చూశాడు. కళ్లల్లో నీళ్లు నిండాయి. సాంచాలు లారీ ఎక్కిన రోజు నుంచి రానిది, ఠాణాలో రానిది, నడిబజారులో ఎండలో వచ్చింది. కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆ ఒక్క క్షణం ఆమె పెదవులు కనిపించవు.

"ఏమన్నవ్?" అని అడిగాడు.

"బువ్వ తిన్నవా అన్న" అంది మాధవి, చూపు అతడి భుజం మీదుగా రోడ్డు మీదే పెట్టి. "జర పక్కకు నిలవడు. రోడ్డు కానత్తలేదు."

అతడు ఒక అడుగు పక్కకు జరిగాడు. అక్కడి నుంచి కూడా ఆమె పెదవులు కనిపిస్తున్నాయి.

"ఇంక తినలే" అన్నాడు.